లూర్‌కు పడింది ఏ చేప? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నదిలో లూర్ (చిన్న చేపనో పురుగునో పోలిన కృత్రిమ ఎర) వేసేవారి నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి చెబుతున్నాయి: ఒక చేప కోసం వేస్తే మరో చేప పడింది. దీన్ని అదృష్టం అని వదిలేస్తే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. హుక్ ఎక్కడ గుచ్చుకుంది, లూర్ ఎంత లోతులో ఉంది, ఏ వేగంతో కదులుతోంది అనే మూడింటినీ చూస్తే ఆ చేప ఎందుకు వచ్చిందో చాలావరకు తెలుస్తుంది. అందుకే ఈ మూడూ రాసినవారి ప్రశ్నలను ముందు తీసుకున్నాం.

ప్రశ్న: కొర్రమీను కోసం చిన్న స్పిన్నర్ (రేకు గిరగిరా తిరిగే లూర్) వేస్తే కిలోన్నర బంగారు తీగ పడింది. హుక్ నోటి లోపలే ఉంది. తోటివాళ్లు మాత్రం “అది లూర్ పట్టే జాతి కాదు, ఒంటికి గుచ్చుకుని ఉంటుంది” అంటున్నారు. ఎవరి మాట నిజం?

జవాబు: మీ మాటే. బంగారు తీగ అడుగు బురద కెలికి తినే చేప, నిజమే. కానీ అది గడ్డీగాదమూ మాత్రమే తినే చేప కాదు. పురుగుల లార్వాలు, వానపాములు, నత్తలు, చిన్న రొయ్యలు దాని రోజువారీ తిండి. అందుబాటులోకి వస్తే చేపపిల్లనూ మింగుతుంది. దవడల మీద పళ్లు లేవు కాబట్టి వేటాడదని చాలామంది అనుకుంటారు. దాని పళ్లు గొంతు లోపల ఉంటాయి, నత్త గుల్లను కూడా నలిపేస్తాయి. దవడ పళ్లు లేని ఇదే వర్గంలో మహసీర్ ఉంది, యూరప్ నదుల్లోని చబ్, ఆస్ప్ ఉన్నాయి. ఈ మూడూ స్పూన్ (చెంచా ఆకారపు లోహపు లూర్) వెంటా చిన్న చేపను పోలిన లూర్ వెంటా పరుగెత్తి పట్టేవే.

హుక్ ఎటునుంచి దిగిందో చూస్తే వాదన తేలిపోతుంది. మొన పెదవి లోపలి నుంచి బయటికి వచ్చిందంటే చేప నోరు తెరిచి పట్టింది. గడ్డం కింద బయటి నుంచి లోపలికి దిగిందంటే లైన్ చేప మీదుగా జారి గుచ్చుకుంది. ట్రెబుల్ హుక్ (మూడు మొనల హుక్) ఉన్న లూర్‌తో కాస్త జాగ్రత్తగా చూడాలి. ఒక మొన నోట్లో, మరో మొన బుగ్గ మీద ఉంటే చేప కరిచిందనే అర్థం. గుంజుకునేటప్పుడు రెండో మొన తిరిగి తగులుతుంది. లాగేటప్పుడూ తేడా తెలుస్తుంది. నోటికి తగిలిన చేప తలతో ముందుకు వస్తుంది. ఒంటికి తగిలినది అడ్డంగా తిరిగి ప్రవాహాన్ని పట్టుకుంటుంది, ఉన్న బరువుకు రెండింతలు ఉన్నట్టు అనిపిస్తుంది.

దీన్నే కావాలని పట్టాలంటే స్పిన్నర్ పక్కన పెట్టండి. 5 నుంచి 7 సెంటీమీటర్ల సాఫ్ట్ ప్లాస్టిక్ (మెత్తటి లూర్), 3 నుంచి 5 గ్రాముల జిగ్ హెడ్ (బరువైన తల ఉన్న హుక్) చాలు. మేస్తున్న చేప నెత్తిన వేయకండి. దాని ముందు రెండు మీటర్ల అవతల వేసి అడుగుకు దిగనివ్వండి. 20 సెంటీమీటర్లు ఈడ్చి, ఐదు పది సెకన్లు ఆగి, మళ్లీ ఈడ్చండి. పట్టు దాదాపు ఎప్పుడూ ఆగినప్పుడే వస్తుంది. చేతికి కుదుపు తెలియదు, లైన్ కొద్దిగా పక్కకు జరుగుతుంది అంతే. ఈ చేప పీల్చినంత వేగంగానే ఉమ్మేస్తుంది కాబట్టి లైన్ కదిలిన క్షణమే రాడ్ ఎత్తాలి, అది కూడా మెల్లగా. రాడ్‌తో గట్టిగా కొడితే, అంటే ఒక్కసారిగా గుంజితే, మెత్తటి పెదవి చీలిపోతుంది.

ప్రశ్న: ఒకే మడుగులో వెండి చేప రెండుసార్లు, బొచ్చె ఒకసారి క్రాంక్‌బైట్‌కు (లాగితే ఊగుతూ వచ్చే గట్టి లూర్) పడ్డాయి. వీటికీ లూర్ ఇష్టమేనా?

జవాబు: కాదు. ఈ రెండూ నీటిని వడకట్టుకుని తినేవి. వెండి చేప మొప్పల్లోని జల్లెడ స్పాంజిలా అల్లుకుపోయి ఉంటుంది, కంటికి కనిపించని నాచుకణాలను కూడా పట్టేస్తుంది. బొచ్చె పైకి తిరిగిన పెద్ద నోటితో పైపొరలోని సూక్ష్మజీవులను తింటుంది. ఇవి మందలుగా నడినీటిలో ఈదుతాయి, మీ లూర్ ఆ మంద మధ్య నుంచి వస్తుంది. హుక్ వీపు రెక్క దగ్గరో పొట్టకో తోకకో ఉండి ఉంటుంది, గుర్తు చేసుకోండి. మంద కనిపిస్తున్న చోట లూర్ ఈడ్వడం మానేయడమే మంచిది. ఒంటికి గుచ్చుకున్న చేపను వదిలేయాలని చాలా దేశాల నియమాలు చెబుతాయి. నియమం లేకపోయినా కావాలని అలా గుచ్చి లాగడం వేట అనిపించుకోదు.

ప్రశ్న: పొద్దు వాలాక క్రాంక్‌బైట్‌కు వాలుగ పడింది, మరో రోజు పెద్ద జెల్ల పడింది. మీసాల చేపలు వాసన పట్టి తింటాయి కదా, వాసనే లేని ప్లాస్టిక్ ముక్కను ఎందుకు పట్టాయి?

జవాబు: వాసన, రుచి వాటి బలం అన్నది నిజం. జెల్లజాతి చేపలకు మీసాల మీదే కాదు, ఒంటి చర్మం మీద కూడా రుచిమొగ్గలు ఉంటాయి. కానీ వాటి వినికిడి కూడా మామూలుది కాదు. ఈత తిత్తిని లోపలి చెవితో కలిపే చిన్న ఎముకల వరస వీటికి ఉంది. తిత్తిలో పుట్టే కంపనం నేరుగా చెవికి చేరుతుంది. బంగారు తీగ, రోహు కుటుంబానికీ ఇదే ఏర్పాటు ఉంది. దీనికి తోడు ఒంటి పక్కనున్న గీత దగ్గరలో కదిలే నీటిని పసిగడుతుంది. క్రాంక్‌బైట్ తల ఊపుతూ వస్తే నీళ్లు కదులుతాయి, లోపలి గుండ్లు చప్పుడు చేస్తాయి. మసక వెలుతురులో, బురద నీటిలో ఈ రెండే చాలు.

వాలుగ సంగతి ఇంకా తేలిక. అది పక్కా వేట చేప. నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది, దవడల నిండా లోపలికి వంగిన సన్నటి పళ్లు. నీటి కొసన దాగి చిన్న చేపల మీద పడడం దాని పద్ధతి కాబట్టి అది లూర్ పట్టడం వింత కాదు. వింత అనిపిస్తోందంటే మీరు ఎప్పుడూ పగలే వేస్తున్నారన్నమాట. అమెరికా నదుల్లో చానల్ క్యాట్‌ఫిష్, యూరప్‌లో వెల్స్ క్యాట్‌ఫిష్ కూడా ఇలాగే లూర్లకు పడుతుంటాయి.

పట్టుకునేటప్పుడు మాత్రం ఈ రెంటినీ ఒకేలా చూడకండి. వాలుగకు వీపు మీద బలమైన ముల్లు లేదు, ప్రమాదం నోటితోనే. వేళ్లు లోపల పెట్టకుండా 18 సెంటీమీటర్ల పొడవైన పట్టకారుతో హుక్ తీయండి. జెల్లకు వీపు మీద ఒకటి, ఛాతీ రెక్కలకు ఒక్కొక్కటి, మొత్తం మూడు ముళ్లు బిగుసుకుని నిలబడతాయి. చేప గుంజుకుంటుంటే మరింత గట్టిగా నిలుస్తాయి. చూపుడు వేలు, బొటనవేలు ఛాతీ ముళ్ల వెనక నుంచి పోనిచ్చి, అరచేయి పొట్ట కింద ఉండేలా పట్టాలి. వలలో చిక్కుకున్న ముల్లును లాగకండి, వల పోగు కత్తిరించండి.

ఇంగిలాయి పడితే అసలు చేత్తో ముట్టుకోకండి. దాని ఛాతీ ముళ్లకు విషం ఉంది, గుచ్చుకుంటే నొప్పి గంటల తరబడి ఉంటుంది. గుచ్చుకున్న చోట శుభ్రంగా కడిగి, 45 డిగ్రీలకు మించని వేడి నీటిలో అరగంట నుంచి గంటన్నర వరకు ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆ విషం వేడికి చెడిపోయే రకం. మొద్దుబారిన చేతికి వేడి తెలియక కాలిపోతుంది కాబట్టి నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో రెండో చేత్తో చూసుకోండి. ముల్లు విరిగి లోపల ఉండిపోయినా, వాపు పైకి పాకుతున్నా, ఊపిరి ఆడకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ధనుర్వాతం టీకా సంగతి మరవకండి.

ప్రశ్న: లూర్‌కు చేప దెబ్బ తగులుతుంది, చేప మాత్రం పడదు. లూర్ తీసి చూస్తే ఒక్కోసారి తోక తెగి ఉంటుంది, ఒక్కోసారి గీతలు ఉంటాయి. చూసి ఏ చేపో చెప్పగలమా?

జవాబు: జాతిని ఖాయంగా చెప్పలేకపోయినా కుటుంబం దాకా వెళ్లవచ్చు. అందుకే ప్రతి దెబ్బ తర్వాత లూర్‌నూ లీడర్‌లో (లూర్‌కు ముందు కట్టే లైన్ ముక్క) చివరి అర మీటరునూ వేలితో తడిమి చూడడం అలవాటు చేసుకోండి. ఇంతటి సమాచారం ఇంకెక్కడా ఉచితంగా దొరకదు.

సాఫ్ట్ ప్లాస్టిక్ తోక కత్తెరతో కోసినట్టు, చంద్రవంక ఆకారంలో తెగిందంటే కత్తి అంచు లాంటి పళ్లున్న చేప. సముద్రానికి దగ్గరి నదుల్లో ఇది ఎక్కువగా బుడగ చేప పని. దాని పళ్లు నాలుగు పలకలుగా కలిసిపోయి చిలక ముక్కులా ఉంటాయి. అది పడితే హుక్ తీసి వదిలేయాలి. కొన్ని జాతుల్లో ప్రాణాంతకమైన విషం ఉంటుంది, తినడం గురించి ఆలోచన కూడా వద్దు. దక్షిణ అమెరికా నదుల్లో అయితే ఇదే గుర్తు పిరానాది.

పక్కపక్కనే సమాంతరంగా సన్నటి గీతలు, రంగు లేచిపోయి ఉంటే సూది పళ్లున్న పొడవు నోటి చేప: వాలుగ, పైక్, గార్ లాంటివి. గీతలు లేకుండా లీడర్ గరుకు కాగితంతో రుద్దినట్టు తెల్లబారితే జెల్ల. దాని దవడల మీద చిన్న పళ్లు గుంపుగా పట్టీలా ఉంటాయి. గట్టి ప్లాస్టిక్ లూర్ నొక్కుకుపోయి, ట్రెబుల్ హుక్ మొనలు ఒకదాని మీదకు ఒకటి వంగి ఉంటే నలిపే దవడలున్న చేప. మహసీర్ ఉన్న నదుల్లో ముందు దాన్నే అనుమానించాలి.

హుక్ మొనకు పొలుసు అంటుకుని వచ్చిందా? అయితే చేప కరవలేదు, లూర్ దానికి రాసుకుంది. పొలుసు అంచు మీద వేలు పోనివ్వండి. నున్నగా ఉంటే బంగారు తీగ, రోహు కుటుంబం కావచ్చు. గరుకుగా, చిన్న దువ్వెన పళ్లలా తగిలితే పెర్చ్, బాస్ తరహా చేప. మందంగా, వజ్రం ఆకారంలో ఎముకలా గట్టిగా ఉంటే గార్. పొలుసు లేకుండా జిగురు మాత్రమే ఉంటే జెల్ల గానీ మలుగు గానీ.

తోక కొస మాత్రమే పదే పదే పోతుంటే చిన్న చేపలు వెనక నుంచి లాగుతున్నాయి. అప్పుడు లూర్ పొడవు మూడో వంతు తగ్గించండి, లేదా వెనక చిన్న హుక్ అదనంగా కట్టండి.

ప్రశ్న: సూదిలా పొడుగాటి ముక్కున్న చేప స్పూన్ వెంట పడుతుంది, కరుస్తుంది, కానీ ఒడ్డుకు రాకముందే జారిపోతుంది. ఏం చేయాలి?

జవాబు: ముక్కు అంతా ఎముక, హుక్ దిగడానికి మాంసం లేదు. పెద్ద ట్రెబుల్ హుక్ ఆ ఎముక మీద జారిపోతుంది. స్పూన్ నుంచి ట్రెబుల్ తీసేసి, 3 సెంటీమీటర్ల దారం ముక్కతో వెనక్కి వేలాడేలా సన్నటి తీగ ఉన్న ఒంటి హుక్, 8 లేదా 10 నంబరుది కట్టండి. లూర్‌ను ఆపకుండా ఒకే వేగంతో లాగుతూ ఉండండి. దెబ్బ తగలగానే కొట్టకుండా చేప తిరిగి బరువు వచ్చేదాకా రీల్ చుట్టండి, అప్పుడు హుక్ ముక్కు మూల చర్మంలో పడుతుంది.

ఉత్తర అమెరికాలో గార్ కోసం అసలు హుక్ లేని లూరే వాడతారు. 15 నుంచి 20 సెంటీమీటర్ల తెల్ల నైలాన్ తాడు పోగులన్నీ విప్పి దువ్వి, ఒక కొస ముడివేస్తారు. పోగులు పళ్ల మధ్య చిక్కుకుంటాయి. కొట్టాల్సిన పని లేదు, లైన్ వదులు కానివ్వకపోతే చాలు. వలలోకి వచ్చాక పోగులన్నీ ఒక్కటీ మిగలకుండా తీయాలి, మిగిలితే చేప నోరు తెరవలేక చస్తుంది. ఈ పని ఓపికగా చేయలేనివారు తాడు లూర్ జోలికి వెళ్లకూడదు. గార్ గుడ్లు మనుషులకు విషం అన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఆసియా నదుల్లో పైపొరలో తిరిగే సన్నటి సూదిముక్కు చేప, అమెరికా గార్ చూడ్డానికి ఒకేలా ఉన్నా వేర్వేరు కుటుంబాలు. గార్ ఒంటి మీది కవచం లాంటి పొలుసులు దీనికి ఉండవు. ఏదైనా సరే ముక్కు పట్టుకుని ఎత్తకండి, విరిగిపోతుంది.

ప్రశ్న: తన ఒంట్లో సగం పొడవున్న లూర్‌ను అరచేతి పొడవు చేప పట్టింది. మింగలేనిదాన్ని ఎందుకు కరుస్తుంది?

జవాబు: కరిచే ప్రతి చేపా తినడానికే కరవదు. మందలో ఉన్నవి ఒకదానికంటే ముందు మరొకటి అందుకోవాలని పడతాయి. గూడు కట్టినవి, పిల్లల్ని కాస్తున్నవి చొరబడినదాన్ని తరమడానికి కరుస్తాయి. తిలాపియా అడుగున గుంట తీసి కాపలా ఉన్నప్పుడు తనకు పనికిరాని లూర్‌ను కూడా నోట పట్టి అవతల పడేస్తుంది. సాల్మన్ గుడ్లు పెట్టడానికి నది ఎక్కాక మేత మానేస్తుంది, అయినా స్పూన్ మీదికి వస్తుంది. అమెరికన్ షాడ్ కూడా ఎగువకు వెళ్లే రోజుల్లో పెద్దగా తినదు, వేలి గోరంత జిగ్‌ను మాత్రం పట్టుకుంటుంది.

ఇక్కడే ఒక విన్నపం. ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన బుసబుసలాడుతుంటే కింద కొర్రమీను కాపలా ఉన్నట్టు. కప్పను పోలిన ఫ్రాగ్ లూర్ వేస్తే తప్పకుండా కొడుతుంది. దాన్ని తీసేస్తే మిగతా చేపలు నిమిషాల్లో పిల్లల్ని తినేస్తాయి. ఆ గుంపు దగ్గర లూర్ వేయకండి.

ప్రశ్న: పడిన చేప ఏదో తెలియడం లేదు. ఫోటో తీసి అడిగితే తలా ఒక పేరు చెబుతున్నారు. ఫోటో ఎలా తీయాలి?

జవాబు: చేప పట్టుకుని నవ్వుతూ తీసుకున్న ఫోటోతో జాతి చెప్పడం కష్టం. చేతులు రెక్కలను కప్పేస్తాయి. తడి చాప మీద ఎడమ పక్క పైకి వచ్చేలా పడుకోబెట్టి, పక్కన కొలబద్ద ఉంచి, నేరుగా పై నుంచి ఒకటి తీయండి. వీపు రెక్క, కింది రెక్క తడి వేలితో విప్పి మరొకటి. నోరు మూసి ఒకటి, తెరిచి ఒకటి. ముందే కెమెరా సిద్ధం చేసుకుంటే ఇదంతా అర నిమిషంలో అయిపోతుంది. కాగితం మీద రాసుకోవాల్సినవి: మీసాలు ఎన్ని జతలు, పక్కగీత తోక దాకా ఉందా మధ్యలో తెగిందా, పొట్ట రెక్కలు ఎక్కడ మొదలవుతున్నాయి.

ఆ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా గొడవలు తీరుస్తుంది. ఉత్తర అమెరికా నదుల్లో బోఫిన్‌ను చూసి కొర్రమీను జాతి అని పొరబడి చంపేస్తుంటారు. బోఫిన్ అక్కడి సొంత చేప. దాని పొట్ట రెక్కలు ఒంటి మధ్యలో ఉంటాయి, మలద్వారం వెనకాలి రెక్క పొట్టిది. కొర్రమీను జాతుల్లో పొట్ట రెక్కలు ఛాతీ రెక్కల కిందికే వస్తాయి, వెనకాలి రెక్క దాదాపు తోక దాకా సాగుతుంది. రూప్‌చంద్ పడినప్పుడు పిరానా అని భయపడేవారికి పళ్లే గుర్తు. రూప్‌చంద్ పళ్లు మనిషి దవడ పళ్లలా చదునుగా ఉంటాయి, పిరానావి మొనదేలి త్రికోణంగా ఉంటాయి. అలాగని రూప్‌చంద్ నోట్లో వేలు పెట్టకండి, అది గట్టి గింజలు పగలగొట్టే దవడ.

బంగారు తీగకు రెండు జతల మీసాలు, బొచ్చెకు అసలు మీసాలు లేవు. అమెరికా నదుల్లో క్రాంక్‌బైట్‌కు తరచూ పడే డ్రమ్ చేపకు పక్కగీత తోక రెక్క చివరి దాకా పోతుంది. మగ డ్రమ్ గురక లాంటి చప్పుడు చేస్తుంది, అదీ ఒక గుర్తే.

ప్రశ్న: సముద్రం చేప నదిలో లూర్‌కు పడడం సాధ్యమా? ఎంత దూరం లోపలికి వస్తుంది?

జవాబు: జాతిని బట్టి. పండుగప్ప ఉప్పునీటి ముఖద్వారాల దగ్గర గుడ్లు పెడుతుంది, పిల్లలు నది ఎక్కి మంచినీటిలో ఏళ్ల తరబడి పెరుగుతాయి. కాబట్టి నదిలో అది పడడం సహజమే. మొదట మగగా ఎదిగి, పెద్దయ్యాక ఎక్కువ భాగం ఆడగా మారతాయి. మలుగు దీనికి తిరగేసిన దారి పట్టదు, అదీ మంచినీటిలో పెరిగి గుడ్ల కోసం సముద్రానికే పోతుంది. యూరప్ మలుగు 2008 నుంచి తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. చిన్న జిగ్‌కు పడితే నీటిలోనే ఉంచి హుక్ తీయండి, లోతుగా మింగితే లైన్ కత్తిరించి వదలండి. టార్పన్, స్నూక్, యూరప్ ఫ్లౌండర్ అనే సముద్రపు చేపలు కూడా మంచినీటిలోకి వస్తాయి.

అన్నిటికన్నా దూరం వెళ్లేది బుల్ షార్క్. శరీరంలోని ఉప్పునూ యూరియానూ నీటికి తగ్గట్టు సర్దుకునే శక్తి దానికి ఉంది. అమెజాన్‌లో వేల కిలోమీటర్లు పైకి దొరికింది. మిసిసిపీలో 1937లో ఇల్లినాయ్‌లోని ఆల్టన్ దాకా వెళ్లింది.

నది ముఖద్వారం నుంచి ఆనకట్ట దాకా ఉన్న భాగంలో వేస్తుంటే ఇవన్నీ మనసులో ఉంచుకోండి. ఆనకట్ట పైన ఇవి పడే అవకాశం బాగా తగ్గిపోతుంది, చేపలు ఎక్కడానికి కట్టిన మెట్లు లేకపోతే దాదాపు ఉండదు.

ప్రశ్న: తేలికపాటి సరంజామాతో చిన్న చేపల కోసం వెళ్తే పెద్దదేదో పట్టుకుని లైన్ తెంపేస్తోంది. ప్రతిసారీ బరువైన రాడ్ మోయాలా?

జవాబు: అక్కర్లేదు. తెగడానికి కారణం ఎక్కువసార్లు లైన్ సన్నదనం కాదు, నాలుగు చోట్ల జరిగే పొరపాట్లు. అవి సరిచేస్తే 3 కిలోల బలమున్న లైన్‌తో కూడా ఆ బలానికి మించిన బరువున్న చేపను తీయవచ్చు.

మొదటిది డ్రాగ్, అంటే చేప లాగితే లైన్‌ను జారనిచ్చే రీల్ బిగింపు. దీన్ని చేత్తో లాగి అంచనా వేయడమే పెద్ద పొరపాటు. లైన్ కొసను చిన్న కొలతాసుకు కట్టి, రాడ్ వంచి లాగండి. లైన్ బలంలో నాలుగో వంతు దగ్గర జారడం మొదలవ్వాలి, మూడో వంతు మించకూడదు. 3 కిలోల లైన్ అయితే 750 గ్రాముల నుంచి కిలో లోపల. చేప పరుగెత్తుతున్నప్పుడు బిగించకండి. స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టే భాగం) మీద లైన్ తగ్గేకొద్దీ అదే అమరిక మరింత బిగుతు అవుతుంది, పెద్ద చేపలు తెగిపోయేది ఆ చివరి పరుగులోనే.

రెండోది ముడి. తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్, ఫ్లోరోకార్బన్ బలం పోతుంది. మూడోది హుక్‌ను లూర్‌కు కలిపే రింగులు, లూర్‌ను లైన్‌కు తగిలించే స్నాప్. చిన్న లూర్లతో వచ్చే స్ప్లిట్ రింగ్ పెద్ద చేపకు సాగిపోతుంది. స్నాప్ తెరుచుకుంటుంది. కొన్న వెంటనే వీటిని మార్చండి. నాలుగోది హుక్. సన్నటి ట్రెబుల్ బదులు కాస్త మందపు తీగ ఉన్న ఒంటి హుక్ వేయండి, మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కేయండి. లైన్ వదులు కాకపోతే చేప జారదు, తీయడం సెకన్ల పని. ట్రెబుల్ తీసేస్తే క్రాంక్‌బైట్ ఊపు కొద్దిగా మారుతుంది. ఒంటి హుక్ బరువు పాత ట్రెబుల్ బరువుకు దగ్గరగా ఉండేలా ఎంచుకోండి.

సూది పళ్ల చేపలు ఉన్న నదిలో 20 నుంచి 30 సెంటీమీటర్ల సన్నటి వైర్ లీడర్ కట్టాలి. చిన్న లూర్ నడక కొంచెం దెబ్బతింటుంది, అయినా కట్టండి. లేకపోతే తెగిపోయిన లూర్ నోట్లో పెట్టుకుని చేప తిరుగుతుంది.

ప్రశ్న: హుక్‌కు ఆల్చిప్ప పట్టుకుని వచ్చింది. ఇంకోసారి తాబేలు. ఇవి కూడా లూర్ పడతాయా?

జవాబు: ఆల్చిప్ప పట్టలేదు. తెరుచుకున్న చిప్పల మధ్యకు హుక్ వెళ్లగానే మూసుకుంది. బలవంతంగా తెరిస్తే చస్తుంది. నీటిలో ఉంచి లైన్ వదులు చేస్తే చాలాసార్లు తానే వదులుతుంది. లేకపోతే లైన్ దగ్గరగా కత్తిరించి దొరికిన చోటే పెట్టండి. మంచినీటి ఆల్చిప్పల్లో చాలా జాతులు రక్షణ పరిధిలో ఉన్నాయి.

తాబేలు మాత్రం నిజంగానే కరుస్తుంది, నెమ్మదిగా ఈడ్చే సాఫ్ట్ ప్లాస్టిక్‌ను ఎక్కువగా. లైన్ పట్టి వేలాడదీయకండి, వలలో ఎత్తండి. గుల్లను వెనక సగంలో పట్టాలి. మెత్తగుల్ల తాబేలు మెడ వెనక్కి చాలా దూరం సాగుతుంది, చేతులు తోక వైపే ఉంచండి. హుక్ నోటి అంచున ఉంటే మొనను బయటికి తోసి, కొస కత్తిరించి, కాడ వెనక్కి లాగండి. లోపలికి పోయి ఉంటే లాగకుండా జంతువైద్యుడికో వన్యప్రాణి సిబ్బందికో అప్పగించాలి. నీటికాకి లూర్ మీదికి దూకిందంటే ఆ చోట వేట ఆపి జరగండి.

ప్రశ్న: వదిలేసిన చేప కాసేపటికి వెల్లకిలా తేలుతోంది. వేసవిలోనే ఇలా ఎందుకు? మన నదిది కాని జాతి పడితే దాన్నీ వదలాలా?

జవాబు: వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీరు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టుకోగలదు, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. చేపకు కావాల్సింది మాత్రం వేడితో పెరుగుతుంది. కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నాలు మానేసి తెల్లవారుజామున వేయండి. చేపను త్వరగా తీయండి, నీటి బయట అర నిమిషం మించనివ్వకండి. వల రబ్బరు పూతదై ఉండాలి, చేతులు తడిపాకే తాకాలి. ఎండకు కాగిన రాయి మీద, పొడి ఇసుక మీద పెడితే జిగురు పొర పోయి తర్వాత బూజు పడుతుంది. వదిలేటప్పుడు తల ప్రవాహానికి ఎదురుగా ఉంచి, తోక మొదలు వదులుగా పట్టి ఆగండి. ముందుకూ వెనక్కూ ఊపవద్దు, నీరు వెనక నుంచి మొప్పల్లోకి పోతే మేలు జరగదు. తానే తోక కొట్టి వెళ్లేదాకా వదలకండి.

రెండో ప్రశ్నకు ఒకే జవాబు లేదు, ఆ నది నియమాలే జవాబు. కొన్ని చోట్ల బయటి జాతిని ప్రాణంతో తిరిగి వదలడమే నేరం, కొన్ని చోట్ల గుర్తు తెలియనిదాన్ని చంపడమే నేరం. వెళ్లే ముందే రెండూ చదువుకోండి. నియమాలు ఇంత గట్టిగా ఉండడానికి కారణం ఉంది. అమెరికాలోని మేరీలాండ్‌లో 2002లో క్రాఫ్టన్ పట్టణపు చెరువులో ఆసియా జాతి స్నేక్‌హెడ్ (కొర్రమీను జాతి చేప) పిల్లలు పెడుతున్నట్టు తేలింది, చెరువు మొత్తానికి మందు పెట్టి చంపారు. 2004లో అదే జాతి పొటోమాక్ నదిలో కనిపించింది, అక్కడ స్థిరపడిపోయింది. నదిలో ఒకసారి పాతుకున్నదాన్ని తీయడం చాలా కష్టం.

నియమం ఏదైనా చేయకూడనిది ఒకటి ఉంది: ఆ చేపను బకెట్‌లో ప్రాణంతో మరో చోటికి తీసుకెళ్లడం, ఇంటి తొట్టికైనా సరే. పైన చెప్పినట్టు ఫోటోలు తీసి, పొడవు, తేదీ, పడిన చోటు, ఏ లూర్‌కు ఎంత లోతులో పడిందో రాసి మత్స్యశాఖకు పంపండి. జాతి ఖాయం చేయడానికి నమూనా కావాలని వాళ్లు అడగవచ్చు. చంపడానికి అనుమతి ఉన్న చోట అయితే చేపను కోయకుండా మొత్తంగా మంచులో ఉంచి అందజేయండి.